బోర్లించిన రాయి

ఇశ్రాయేలు పోయాడన్న కబురు క్వారీకి వచ్చేసరికి శౌరి బండ అంచున మేకులు దించుతున్నాడు. కబురు తెచ్చింది మట్టి మోసే సుబ్బరత్నమ్మ. ఖాళీ తట్ట గట్టు మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరితోనూ అని కాకుండా చెప్పింది.

"ఇశ్రాయేలు మావ పొయ్యాడంట. పొద్దున గంజి తాగి కాసేపు పండుకుంటానన్నాడంట. మళ్లా లేవలేదంట."

సుత్తుల చప్పుడు పల్చబడింది గాని ఆగలేదు.

రాళ్ల పనివాళ్ల సంఘంలో మనిషి పోతే ఆ రోజు క్వారీలో ఇనుము మోగకూడదు. ఒకరు చెప్పేది లేదు. ఎక్కడివాడు అక్కడ సుత్తి కింద పెట్టి, తలగుడ్డ విప్పుకుని గట్టెక్కుతాడు. మేకు సగం దిగి ఉన్నా అంతే. కాని ఇశ్రాయేలు సంఘంలో మనిషి కాడు. ఒకప్పుడు అయ్యాడు, తర్వాత కాకుండా పోయాడు. ఇట్లాంటి వాడు చస్తే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. ఎవరికి వాళ్లు పక్కవాడి చేతుల వంక చూశారు. అందరూ కలిసి చెన్నకేశవులు వంక చూశారు. ఆయన సంఘం పెద్ద. ఆయన శౌరి వంక చూశాడు.

శౌరి మేకు మీద దెబ్బ వేశాడు.

దాంతో మిగతావాళ్లూ వేశారు.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. అంచు వెంట మేకులు వరసగా పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు తేలిక దెబ్బలు వేసుకుంటూ పోవాలి. తొందరపడి ఒక్క మేకునే బాదితే అక్కడికక్కడ ముక్క ఊడుతుంది. దెబ్బ దెబ్బకీ చెవి పెట్టి వినాలి. బండ కింది పొరను పట్టుకుని ఉన్నంతసేపూ కంగుమంటుంది. విడిచిందంటే గొంతు బొంగురు పోతుంది. ఆ బొంగురు వినపడ్డాక ఇంక ఆగకూడదు. పలుగులు పెట్టి ఆ పూటే పైకెత్తాలి. ఎండకు వదిలేస్తే, పైన సెగ, కింద చలవ, అడ్డంగా పగిలి కూర్చుంటుంది.

శౌరి బండ మధ్యాహ్నానికి విడిచింది. నలుగురు పలుగులు వేసి ఎత్తారు. మామూలుగా బండ లేచేటప్పుడు గురవయ్య ఏదో ఒక బూతు మాట అంటాడు, అందరూ నవ్వుతారు. ఇవాళ అనలేదు.

అవతలి గుంటలో చప్పుడు లేదు. చిల్లకంప గుబురు అవతల, ఎర్రమట్టి దిబ్బ వెనక, ఇశ్రాయేలు ఒక్కడే కొట్టుకునే గుంట అది. ఒంటి సుత్తి చప్పుడు అటునుంచి రోజూ వినపడేది. పొద్దుటి నుంచీ అది వినపడటం లేదని శౌరికి తెలుసు. సుబ్బరత్నమ్మ రాక ముందే తెలుసు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు.

సాయంత్రం ఇళ్లకు పోతుంటే చెన్నకేశవులు వెనక నుంచి వచ్చి పక్కన కలిశాడు. ఆయన శౌరి కన్నా పెద్దవాడు. వంగిపోయిన నడుము. సంచిలో ఉలులు గలగలమంటున్నాయి.

"మట్టికి వస్తున్నావా?" అన్నాడు.

"రాకుండా ఎట్టా?"

"సమాధి గుంట మన వరసలోనే తియ్యమన్నా. చివర్న. గోడ పక్కన తీస్తామన్నారు, నేనే వద్దన్నా."

"నీ ఇష్టం. పెద్దోడివి."

"తల దగ్గర రాయి సంగతి మాత్రం నా చేతిలో లేదురా శౌరీ."

శౌరి సంచి భుజం మార్చుకున్నాడు. ఇద్దరూ బండిబాట దాకా కలిసి నడిచారు.

సమాధుల దొడ్డిలో రాళ్ల పనివాళ్ల వరస వేరే ఉంది. క్రైస్తవులకూ వడ్డెరవాళ్లకూ పేటలు వేరు, పెళ్లిళ్లు వేరు, మొక్కులు వేరు. సంఘంలో చేరినవాళ్లు మాత్రం ఆ వరసలోనే పక్కపక్కన పడుకుంటారు. ఇశ్రాయేలును చివర్న పెట్టారు. ఉపదేశిగారు ప్రార్థన చదివాడు. శౌరి గోడ దగ్గర నిలబడి, తన వంతు వచ్చినప్పుడు ముందుకు వచ్చి పిడికెడు మట్టి వేసి వెనక్కి పోయాడు. ఇశ్రాయేలు భార్య ఆరోగ్యమ్మ ఏడవటం లేదు. మట్టి వేసేవాళ్ల చేతుల్ని ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది. శౌరి చెయ్యి కూడా చూసింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే ఆమె శౌరి ఇంటికి వచ్చింది. శౌరి వాకిట్లో కూర్చుని ఉలి మొనలు నూరుతున్నాడు. భార్య మార్తమ్మ లోపలి నుంచి చూసి, చేతిలో చేట అట్లాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"కూర్చో ఆరోగ్యమ్మా. గంజి తాగావా?"

"తాగాలే అక్కా." ఆమె కూర్చోలేదు. శౌరి వైపు తిరిగింది. "ఆదివారం సమాధి కాడ ప్రార్థన పెట్టుకున్నాం బావా. ఆ పూటకి రాయి కావాలి."

శౌరి నూరటం ఆపలేదు.

"సంఘం చావిట్లో ఉంది గదా ఆయన రాయి," అంది.

"ఉంది."

"బోర్లా ఉంది."

"ఆఁ."

"ఎత్తి ఇస్తే తీసుకపోతా."

మార్తమ్మ చేట గోడకు ఆనించింది. "ఇంకేదన్నా మంచి పలక చూసుకోగూడదా ఆరోగ్యమ్మా? మా ఆయన చేతనే చెక్కిచ్చి ఇప్పిస్తా. నున్నగా."

"రాళ్లకేం కరువక్కా, ఊరంతా రాళ్లే. తలుపు తీస్తే రాళ్లు, మూస్తే రాళ్లు. నాకు ఆయన రాయి కావాలి."

సంఘంలో చేరేవాడు ముందుగా మూరెడు పలక తనే తీసి, తనే చెక్కి, దాని మీద తన గుర్తు తనే తొలిచి, చావిట్లో నేల మీద పరవాలి. అక్షరాలు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. అందుకని గేదె, తాడిచెట్టు, చేప, సిలువ, ఎవరికి తోచింది వాళ్లు. చనిపోతే ఆ పలకనే ఎత్తి తల దగ్గర పాతుతారు. ఖాళీ అయిన చోట కొత్తగా చేరేవాడు తన పలక వేసుకుంటాడు. చావిడి నేలంతా అదే. సంఘంలో ఎవరున్నారో తెలియాలంటే కిందకి చూడటమే.

తప్పు చేసినవాడి రాయిని ఎవరైతే ఆ తప్పు చూసి చెప్పాడో వాడే పలుగు పెట్టి బోర్లించాలి. మళ్లీ వెల్లకిలా తిప్పాలన్నా వాడే. ఇంకెవరూ ముట్టకూడదు. ఇశ్రాయేలు రాయి బోర్లించింది శౌరి.

"ఆయన ఏం చేశాడని బావా?" అంది ఆరోగ్యమ్మ. గొంతు పెంచలేదు. "మీరంతా సుత్తులు కింద పెట్టారు. ఆయనా పెట్టాడు. రేటు పెంచిందాకా ముట్టేది లేదన్నారు, సరేనన్నాడు. విడిచిన బండ ఒక్కటి ఉంటే పొయ్యి ఎత్తొచ్చాడు. దానికి కూలి కూడా తీసుకోలా."

"తెలుసు," అన్నాడు శౌరి.

"తెలిసే చెప్పావా?"

"చూసింది చెప్పా. సుత్తి ఎత్తాడు. ఎత్తలా?"

"ఎత్తాడు."

"ఆ సాయంత్రమే గుత్తదారు వచ్చి, మీవాడే ఒకడు పన్లోకి దిగాడు, మీకేం మాయరోగమన్నాడు. మర్నాటికి మా అందరి నోళ్లూ పడిపొయినయ్. పాత రేటుకే దిగాం."

"రైలు మార్గం ఏసే రోజుల నాటి మాటది. ఆ గుత్తదారే చచ్చిపొయ్యాడు."

"మాట చావలా," అన్నాడు శౌరి.

ఆరోగ్యమ్మ కాసేపు ఆయన చేతుల వంక చూసింది. ఉలి మొన నీళ్లలో ముంచి, వేలితో తడిమి, మళ్లీ రాతి మీద పెట్టాడు.

"ఆయన బుధవారం సాయంత్రం ఇంకొకటి విడిపిచ్చాడు," అంది. "నిన్న పొద్దున ఎత్తుదామే, పలుగు పట్టుకురా అన్నాడు. అట్టాగే ఉంది ఆడ." గుమ్మం దిగింది. "ఆదివారం," అని చెప్పి వెళ్లిపోయింది.

మార్తమ్మ చేట తీసుకుంది. బియ్యంలో రాళ్లు ఏరసాగింది.

"ఏమయ్యా, ఎత్తి పారెయ్యరాదా? ఎవరడిగారు ఇప్పుడు?"

"ఎత్తితే మాట వెనక్కి తీసుకున్నట్టు."

"తీసుకో."

"అబద్ధం చెప్పానని చెప్పమంటావా అందరి ముందూ?"

"అబద్ధమని ఎవరన్నారు? మొండిపట్టు వదలమంటున్నా." ఆమె రాయి ఒకటి వాకిట్లోకి విసిరింది. "పదహారేళ్ల నుంచి ఆవిడ పలుగు పట్టుకుని మొగుడి పక్కన మొగోడిలాగా ఎత్తింది. నలుగురు ఎత్తే బండలు ఇద్దరూ ఎత్తుకున్నారు. చూడలా నువ్వు?"

"చూశా."

"చూసే ఉంటావులే. చూట్టంలో నిన్ను మించినోడు లేడు."

శౌరి ఆ రోజు పనికి పోయేటప్పుడు మామూలు దారిన పోలేదు. చిల్లకంప పక్కనుంచి చుట్టూ తిరిగి అవతలి గుంటకు వెళ్లాడు. దిగటానికి ఇశ్రాయేలు చెక్కుకున్న మెట్లు ఉన్నాయి. కింద ఒక మూల నీళ్ల కుండ, దాని మీద బోర్లించిన ముంత, గుడ్డలో చుట్టిన మేకులు. బండ మంచి వెడల్పు. అంచున మేకులు ఇంకా వరసలోనే ఉన్నాయి, ఏదీ వంకర లేదు. శౌరి సుత్తి వెనక వైపుతో మెల్లగా తట్టాడు. బొంగురుగా పలికింది. విడిచింది.

మధ్యలోంచి అడ్డంగా పగులు. వెంట్రుక లాంటి గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు. బొటనవేలితో గీత వెంట జరిపి చూశాడు. నిన్నటి ఎండకు పగిలి ఉంటుంది. నిన్న పొద్దున ఎత్తితే పగిలేది కాదు. నిన్న ఆ వేళకు తను ఇవతలి గుంటలో ఈ చప్పుడు లేకపోవటం వింటూ కూర్చున్నాడు.

అక్కడ ఇంకేమీ చెయ్యలేదు. మేకులు ఒక్కొక్కటే ఊడదీసి, మట్టి తుడిచి, గుడ్డలో ఉన్నవాటితో కలిపి ముడి వేసి, కుండ పక్కన పెట్టాడు. పైకి వచ్చి పనిలోకి దిగాడు.

సాయంత్రం చెన్నకేశవులు ఇంటికి వెళ్లాడు. ఆయన మంచం మీద కూర్చుని కాళ్లకు ఆముదం రాసుకుంటున్నాడు.

"అన్నా, మాట ఎత్తకుండా రాయి ఎత్తితే ఏమవుద్ది?"

చెన్నకేశవులు చెయ్యి ఆపాడు. "నీకు తెలవదా?"

"మా నాయన చెప్పాడు. నువ్వూ చెప్పు."

"వాడి రాయి లేస్తది, నీ రాయి పడుద్ది. వాడి చోటు నీదవుద్ది. నీ రాయి నువ్వే బోర్లించుకోవాలి. తిప్పినోడే ఎత్తాలి గాబట్టి, నువ్వు పొయ్యాక దాన్ని ఎత్తేవాడు ఉండడు. నీ తలకాడ రాయి ఉండదు." ఆముదం గిన్నె పక్కకు జరిపాడు. "అంత దూరం ఎందుకురా? నాలుగు మాటలు. నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా అను. అయిపొయ్యిద్ది. ఎవడు నిన్ను పట్టుకుని అడుగుతాడు?"

"చూడలేదని ఎట్టా అనను అన్నా?"

"చూళ్లేదని అనమన్నానా? వెనక్కి తీసుకుంటున్నా అనమన్నా."

"రెండూ ఒకటే."

"కావురా."

"నాకు ఒకటే," అన్నాడు శౌరి. లేచాడు.

"రేపు చావిటికి రా. పంతులుగారు వస్తన్నాడు, మర్చిపోకు," అని చెన్నకేశవులు వెనక నుంచి కేకేశాడు.

పంతులుగారంటే మిషను బడి పంతులు ప్రభాకరరావు. క్వారీ గుత్త ఇకనుంచి సంఘాలకే ఇస్తారట, సంఘం అంటే కాగితం మీద ఉండాలట, ఎవరెవరు సభ్యులో, ఎప్పటి నుంచి సభ్యులో రాసి గురజాల ఆఫీసులో ఇవ్వాలట. మా పేర్లు రాళ్ల మీద ఉన్నాయని చెన్నకేశవులు చెబితే, అయితే ఆ గుర్తుల బొమ్మలు కూడా పేర్ల పక్కన వేసుకురండి, అదే సాక్ష్యం అన్నాడట అక్కడి గుమస్తా.

శనివారం మధ్యాహ్నం చావిడి నిండిపోయింది. తాటాకు కప్పు, మూడు వైపులా మట్టి గోడ. నాలుగో వైపు గోడ లేదు, వీధే. ఎండ తగలని చోటు ఊళ్లో అదొక్కటే కాబట్టి మధ్యాహ్నాలు అందరూ అక్కడే పడుకుంటారు. పంచాయతీలు అక్కడే, పెళ్లి మాటలు అక్కడే, వాన వస్తే మేకలు కూడా అక్కడే. పండగల ముందు ఆడవాళ్లు ఇసక వేసి కొబ్బరిపీచుతో రుద్ది కడుగుతారు. నేల నల్లగా, అద్దంలాగా నిగనిగలాడుతూ ఉంటుంది. బయటి ఊరివాళ్లు వస్తే మెచ్చుకుంటారు.

పంతులు గోడ దగ్గర చాప వేసుకుని కాగితాలు తీశాడు. కలం మూత తిప్పాడు. "మొదటి గుర్తు చూపించండి."

గురవయ్య ముందుకు వచ్చాడు. "నాది రాయండి పంతులుగారూ. గేదె. రెండు కొమ్ములూ ఒక తోకా." కాలితో ఒక రాయి చూపించాడు.

పంతులు వంగి చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. "ఎక్కడ గేదె?"

"ఇదిగో." గురవయ్యా వంగాడు. చేత్తో తడిమాడు. "ఇక్కడే ఉండాలే."

నీళ్లు పోశారు. తడిస్తే కనపడుతుందనుకున్నారు. కనపడలేదు. ఎవరో బొగ్గుపొడి తెచ్చారు. పొడి చల్లి, గుడ్డతో రుద్ది, ఊది చూశారు. గుర్తు ఉంటే గాట్లలో నలుపు నిలబడాలి. గుడ్డకే అంటింది మొత్తం.

"నీ గేదె మేతకు పొయ్యిందిరా గురవయ్యా," అన్నారెవరో. నవ్వారు.

"ఇంకొకటి చూద్దాం," అన్నాడు పంతులు.

వెంకటేశ్వర్లు తనది చేప అన్నాడు. అతని రాయి మీద బొగ్గు చల్లితే చివరన ఒక చిన్న గీత తేలింది. అది చేప తోక అన్నాడు వెంకటేశ్వర్లు. కాదు, అది నా గేదె తోక, అసలు నా రాయి ఇదే, నువ్వు నిలబడ్డది నా రాయి అన్నాడు గురవయ్య.

"నీది వీధి అంచు కాడ గదరా!"

"వీధి అంచు కాడ మా నాయనది. మా నాయన పొయ్యాక ఎత్తి పట్టుకుపొయ్యాం. ఆ ఖాళీలో మీ బాబాయి ఏసుకున్నాడు. నాది రెండో వరస."

"రెండో వరసలో నేనుంటే నువ్వెట్టా ఉంటావ్?"

"అదే అడుగుతున్నా, నువ్వెట్టా ఉన్నావ్?"

నవ్వులు ఆగిపోయాయి. జనం వరసల వెంట వంగి వంగి నడవటం మొదలుపెట్టారు, ఏదో కింద పడేసుకుని వెతుక్కునే వాళ్లలాగా. తడి గుడ్డలు, బొగ్గుపొడి. కొందరు మోకాళ్ల మీద కూర్చుని గోటితో గీకి చూశారు. చెన్నకేశవులు తన రాయి దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయనది తాడిచెట్టు. అక్కడ చెట్టూ లేదు, మట్టా లేదు.

శౌరి స్తంభం పక్కకు వెళ్లాడు. తనది అక్కడ. నిచ్చెన గుర్తు. రెండు నిలువు గీతలు, మధ్యలో అయిదు మెట్లు. తండ్రి పక్కన కూర్చుని ఉలి ఎట్లా పట్టుకోవాలో చెప్పి తొలిపించాడు. చెప్పు విడిచి, వట్టి పాదంతో రాయి మీద రాశాడు. పాదానికి చల్లగా, నున్నగా తగిలింది. వంగి చేత్తో కూడా తడిమాడు. నిటారుగా నిలబడ్డాడు.

"నీది దొరికిందా?" అన్నాడు చెన్నకేశవులు.

"లేదు."

పంతులు కలం మూత పెట్టాడు. "పేర్లు మీరు చెబితే రాస్తాను, ఇబ్బందేం లేదు. కాని గుర్తు అడిగితే ఏం వెయ్యను? ఒక్కటైనా లేదా? ఒక్క రాయి మీద ఉంటే, ఇదిగో మా పద్ధతి ఇది అని చూపించటానికైనా పనికొస్తుంది."

జనం మళ్లీ నేల వంక చూశారు.

వీధి వైపు నుంచి ఆరోగ్యమ్మ అంది. "ఒకటి ఉంది."

ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. లోపలికి రాలేదు. చావిడి అంచున నిలబడింది, చేతిలో పలుగు. దాన్ని కర్రలాగా ఆనుకుని ఉంది.

అందరూ మూల వైపు చూశారు. ఆ మూల రాయి నిగనిగలాడదు. చెక్కని వైపు పైకి ఉంటుంది కాబట్టి గరుకు, బూడిదరంగు. దాని మీద ఎవరూ పడుకోరు. అడుగు వెయ్యరు.

చెన్నకేశవులు శౌరి వంక చూశాడు. క్వారీలో చూసినట్టే చూశాడు.

శౌరి చెప్పులు రెండూ విడిచి వీధి వైపు నడిచాడు. ఆరోగ్యమ్మ ముందు చెయ్యి చాచాడు. ఆమె పలుగు ఇచ్చింది. మూలకు వచ్చి అంచున మట్టి గీకి, పలుగు మొన సందులోకి దించాడు. ఏళ్ల తరబడి కదలని రాయి. నేలను పట్టేసి ఉంది. ఊపాడు. పలుగు జారింది. మళ్లీ దించాడు. ఈసారి అంచు వేలెడు లేచింది గాని నిలవలేదు. పలుగు కింద దన్ను లేదు.

ఆరోగ్యమ్మ లోపలికి వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, గుండ్రటి గులకరాయి ఒకటి ఏరుకొచ్చి, పలుగు కింద సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. చెయ్యి తీస్తూ, "ఊఁ," అంది. రోజూ భర్తతో అన్నట్టే అంది.

శౌరి బరువు వేశాడు. రాయి లేచింది. ఆమె అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి నిలబెట్టారు.

"ఆగరా," అన్నాడు చెన్నకేశవులు. "ముందు మాట."

శౌరి రాయిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చెమట తుడుచుకున్నాడు.

"సుత్తి ఎత్తాడు. చూశా. అది చూశాననే అంటా," అన్నాడు. "రాయి ఎత్తుతున్నా."

"తెలిసే చేస్తన్నావా?"

"ఆఁ."

రాయిని వెల్లకిలా పడుకోబెట్టారు. మీద చెదల మట్టి. ఆరోగ్యమ్మ తడిగుడ్డ అందుకుని తుడిచింది. బొగ్గుపొడి అక్కర్లేకపోయింది.

కొంగ. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, రెండో కాలు పొట్ట కిందికి ముడిచి. ముక్కు పొడుగ్గా, మెడ వంపు తిరిగి. కంటి చోట ఒక్క ఉలి పోటు. గాట్లలో రాతి పొడి ఇంకా తెల్లగా ఉంది. నిన్న సాయంత్రం తొలిచి లేచిపోయినట్టు ఉంది.

చుట్టూ మూగినవాళ్లు ఒకరి భుజాల మీద నుంచి ఒకరు చూశారు.

పంతులు చాప అక్కడికి జరుపుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, కొంగ బొమ్మ వేశాడు. మెడ సరిగ్గా రాలేదు. కొట్టేసి మళ్లీ వేశాడు. "పేరు?" అన్నాడు.

శౌరి చెప్పాడు. "ఇశ్రాయేలు."

"ఈయన మొన్న పోయినాయన కదూ? బతికున్న వాళ్ల పేర్లు రాయాలి నేను."

"రాయండి," అన్నాడు చెన్నకేశవులు. "పై వరసలో రాయండి. ఆయన కిందనే మమ్మల్ని రాయండి. మా గుర్తులు అరిగిపొయినయ్యని కూడా రాయండి."

ఆదివారం పూజ అయ్యాక ప్రార్థన జరిగింది. రాయిని వెంకటేశ్వర్లు, గురవయ్య కావడికి కట్టి మోసుకొచ్చారు. తల దగ్గర గుంట తీసి నిలబెట్టి, చుట్టూ చిన్నరాళ్లు పోసి కూరారు. వరస మొత్తంలో దూరానికి కనపడే గుర్తు అదే. ఆరోగ్యమ్మ దాని ముందు కూర్చుని మొట్టమొదటిసారి గట్టిగా ఏడ్చింది. మార్తమ్మ ఆమె పక్కన కూర్చుంది. శౌరి గోడ దగ్గర నిలబడి, అయ్యాక ఇంటికి పోయాడు.

సోమవారం శౌరి క్వారీకి రాలేదు. అవతలి గుంట నుంచి ఒంటి సుత్తి చప్పుడు వినపడింది. ఇవతలి గుంటలో వాళ్లు తలలెత్తారు. సుబ్బరత్నమ్మ తట్టతో దిబ్బ ఎక్కి చూసి వచ్చింది.

"శౌరి పెదనాయన. పగిలిన బండలో మంచి ముక్క చూసుకుంటున్నాడు," అని చెప్పింది.

మధ్యాహ్నం తిండి వేళకు మూరెడు పలక భుజాన పెట్టుకుని చావిటికి వచ్చాడు. పడుకున్నవాళ్లు లేచి జరిగారు. మూల ఖాళీ ముందు గొంతుకూర్చుని, పలక మీద బొగ్గుతో గీసుకుని, ఉలి పట్టాడు. రెండు నిలువు గీతలు. మెట్లు. తొందర పడలేదు. ఊది పొడి ఎగరగొట్టి, వేలితో తడిమి, లోతు చాలదనిపిస్తే మళ్లీ తొలిచాడు. చెన్నకేశవులు స్తంభానికి ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు.

"స్తంభం కాడ నీ రాయి ఉంది గదరా. దాన్నే తిప్పితే పొయ్యేది."

"అది నాదని ఎవరు చెప్పారు?"

చెన్నకేశవులు స్తంభం పక్కన రాయి వంక చూశాడు.

అయిదో మెట్టు అయ్యాక శౌరి ఉలి సంచిలో వేశాడు. ఖాళీలో ఇసక చదును చేశాడు. పలకను రెండు చేతులతో ఎత్తి, నిచ్చెన కిందికి వచ్చేటట్టు, మెల్లగా దించాడు. అంచులు ఒత్తి చూశాడు. ఒక మూల ఊగింది. మళ్లీ ఎత్తి, ఆ మూల ఇసక వేసి, దించాడు. ఈసారి ఊగలేదు.

"అరగకుండా ఉంటది," అన్నాడు.

"నువ్వు పొయ్యాక ఎవడ్రా దీన్ని ఎత్తేది?"

శౌరి సందుల్లో ఇసక పోసి అరచేత్తో కూరుతున్నాడు. కూరటం అయ్యాక అరచేతులు పంచెకు తుడుచుకుని, బయట విడిచిన చెప్పులు తొడుక్కుని, ఎండలోకి నడిచాడు. కాసేపటికి క్వారీ అవతలి గుంటలో ఒంటి సుత్తి మళ్లీ మొదలైంది.